ప్రభువుగారి మేక

రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. మీరు దూరంగా కూర్చుంటే నేను గట్టిగా చెప్పాలి. గట్టిగా చెబితే పక్కింటివాళ్ళు వింటారు. వాళ్ళు విన్నారంటే వచ్చే ఆదివారం గుడి దగ్గర నా కథను నాకే తప్పుగా చెబుతారు. చేతిలో చిక్కుడుకాయలుంటే పక్కన పెట్టనక్కరలేదు, ఈనెలు తీస్తూ వినండి. నేను చదివింది తక్కువ. మా ఊళ్ళో బడి ఉన్నప్పుడు పంతులు లేడు, పంతులు వచ్చాక బడికి కప్పు లేదు. అందుకే నాకు అక్షరాలకంటే మనుషులు బాగా గుర్తుంటారు. మేకలు ఇంకా బాగా గుర్తుంటాయి.

ఈ కథ ఒక మేకది. ఆ మేక మాది కాదు, సాక్షాత్తు ప్రభువుగారిది. మేము దాన్ని కట్టేసేవాళ్ళం, విప్పేవాళ్ళం, మేపేవాళ్ళం, దాని పెంట ఎత్తేవాళ్ళం. మా హక్కులు అంతవరకే.

కల్వకుర్తి మీదుగా శ్రీశైలం పోయే సడక్ ఉంది కదా, దాని పక్కనే మా ఊరు. ఊరు దాటాక, మెట్ట చెలకల అంచున మా వాడ. వాడలో అందరం యేసయ్యను నమ్ముకున్నవాళ్ళమే. మా బాపు మోట బొక్కెనలు కుట్టేవాడు. బావిలోంచి ఎద్దులతో నీళ్ళు లాగే పెద్ద తోలు బొక్కెనలు అవి. కూడబలుక్కుని చదవడం వచ్చు గనుక ఆదివారం గుడిలో వాక్యం చదవడం కూడా ఆయన పనే. గుడి అంటే పెద్దగా ఊహించుకోకండి. మట్టిగోడలు, బోదగడ్డి కప్పు, లోపల ఒక బల్ల, దాని మీద ఒక గుడ్డ. పాస్టరు అయ్యగారు దూరాన మిషన్ కాంపౌండులో ఉండేవారు. నెలకో, రెండు నెలలకో సైకిలు మీద వచ్చి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం, ఇచ్చి పోయేవారు.

అరవైల నడుమ వానలు వరుసగా మొహం చాటేశాయి. బావులు ఎండాయి. బావిలో నీళ్ళు లేనప్పుడు బొక్కెన కుట్టించుకునేది ఎవరు? మా బాపుకు పని లేకుండా పోయింది. దాంతో ఆయన భక్తి బాగా పెరిగింది. పొద్దున వాక్యం, మధ్యాహ్నం వాక్యం, తిండి ఉండాల్సిన వేళకల్లా వాక్యమే. ఊరి గొల్లలు మందలను తోలుకుని కొల్లాపూర్ మీదుగా కృష్ణ దాటి నల్లమల అడవిలోకి పోయారు. ఊళ్ళో పాలిచ్చే జీవమంటూ మిగిలింది పటేలు ఇంటి బర్రెలు మాత్రమే. వాటి పాలు పటేలు చాయ్‌కే చాలడం లేదని పటేలు తెగ బాధపడేవాడు. ఆయన కష్టం చూసి మేము కూడా బాధపడేవాళ్ళం.

ఆ కరువంతా అయ్యగారు వచ్చినప్పుడల్లా ఒకటే ప్రసంగం. విశ్వాసి అన్నవాడు శ్రమల్లో సంతోషించాలి. ఆయన మంచివారే, అబద్ధం చెప్పకూడదు. కోటు మోచేతుల దగ్గర చినిగి ఉండేది, చెంపలు మా చెంపల్లాగే లోపలికి పోయి ఉండేవి. కానీ సంతోషం గురించి మొదలు పెట్టారంటే ఆపేవారు కాదు. ఒకసారి ప్రసంగం అయ్యాక మా అవ్వ ఆయన దగ్గరికి పోయింది.

"అయ్యగారూ, మీరు చెప్పినట్లే సంతోషంగ ఉన్నం. గీ సంతోషంల నంజుకోను జర గట్క ఉంటే ఇంకింత సంతోషపడుదుం."

"అవ్వా, ప్రభువు చూచుచున్నాడు."

"చూస్తున్నడా? మంచిది. ఆయన జాగలనే కూసోని చూస్తున్నడా, లేచి వస్తడా?"

అవ్వ అంటే బాపు తల్లి. బాపుతో సహా మేమందరం ఆమెను అవ్వ అనే పిలిచేవాళ్ళం. నోట్లో పళ్ళు లేవు, కానీ ఆ నోటి ముందు పళ్ళున్నవాళ్ళెవరూ నిలవలేకపోయేవారు. ఆమె బాప్తిస్మం తీసుకున్నది ముసలితనంలో. దానికి ముందు ఊరి అమ్మవారికి మొక్కేది. ఆ రోజుల్లో ఆమెకో ఆడపిల్ల ఉండేదట. పిల్లకు ఒళ్ళంతా అమ్మవారు పోస్తే, తగ్గితే మేకను ఇస్తానని మొక్కింది. తగ్గింది. మేకను కొనే స్తోమత లేక వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ జరిపింది. ఆ తరువాత పిల్ల వేరే జ్వరంతో పోయింది. మొక్కు ఎగ్గొట్టినందుకే పోయిందని అవ్వ నమ్మకం. ఆ పిల్ల మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. తరువాత అవ్వ దేవుణ్ణి మార్చుకుంది గానీ ఆ భయాన్ని మాత్రం పాత పెట్టెలోంచి కొత్త పెట్టెలోకి పదిలంగా సర్దుకుని తెచ్చుకుంది.

ఇక మేక. నా తరువాత అమ్మకు వరుసగా రెండు కాన్పులు పోయాయి. మళ్ళీ కడుపు నిలిచినప్పుడు అవ్వ తన మేక ఈనిన ఆడ మేకపిల్లను చంకన పెట్టుకుని గుడిలో అందరి ముందు నిలబడింది. మామూలుగా మొక్కితే సరిపోయేది. కానీ పాత అనుభవం ఉంది కదా, ఏ సందూ మిగల్చకూడదనుకుంది.

"ప్రభువా, నా కోడలు, పిల్లగాడు సల్లగ బయటపడితే గీ మేకపిల్ల నీది. దీని బొచ్చు గూడ నేను ముట్టుకోను. దీని పాలు, దీని పిల్లలు, దీని పెంట, అన్ని నీయే. ముట్టుకుంటే ఆ పిల్లగాడే నాకు దక్కొద్దు. అందరు సాక్షి."

బాపు ఆమె కొంగు పట్టి గుంజుతూనే ఉన్నాడు. వింటుందా?

ఎండాకాలంలో తమ్ముడు పుట్టాడు. తల్లీ పిల్లవాడూ క్షేమం. అయ్యగారు ప్రార్థన చేయడానికి వస్తే అవ్వ ఆయన చేతిలో మేక తాడు పెట్టింది. అప్పటికి మేకపిల్ల మేక అయింది. దాని తల్లి కరువులో చచ్చింది గానీ ఇది మాత్రం నిండు పొట్టతో ఉంది. అయ్యగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

"అవ్వా, సూడిది గదా. ఇప్పుడు నడిపిస్తే ఆగమైతది. ఈనినాక తీస్కపోత. ప్రభువుకు ఒకటికి మూడైతే నష్టమేమున్నది?"

ప్రభువు లాభనష్టాలు చూసుకున్నాక ఆయన సైకిలెక్కి పోయారు. ఆ పోవడం పోవడం మళ్ళీ నెలల తరబడి జాడ లేదు. మిషన్‌లోని తెల్ల దొరలు ఒక్కొక్కరే వాళ్ళ దేశం పోతున్నారనీ, మిగిలిన పాస్టర్ల నెత్తిన ఊళ్ళమీద ఊళ్ళు పడ్డాయనీ తరువాత తెలిసింది. మేక మాత్రం చెప్పిన మాట ప్రకారం ఈనింది. ఒక పోతు, ఒక పెంటి.

ఊళ్ళో బతుకమ్మలు ఆడే రోజులకు అమ్మకు పాలు ఎండిపోయాయి. గట్క, అదే జొన్నరవ్వ సంకటి, దాని మీద తేట పోసి తాగే మనిషికి పాలెక్కడి నుంచి వస్తాయి? తమ్ముడికి జొన్న గంజి పట్టాం, కక్కాడు. రాగి అంబలి తేట పట్టాం, కక్కాడు. మిషన్ కాంపౌండులో అమెరికా పాలపొడి పంచుతున్నారని విని బాపు నడిచి పోయాడు. పొడి అయిపోయింది, ఇంకా వస్తుంది, ఓడలో ఉంది, వచ్చాక కబురు చేస్తాం అన్నారట. ఓడ సంగతి మేము తమ్ముడికి చెప్పాం. వాడు అర్థం చేసుకోలేదు. కొన్నాళ్ళకు వాడి ఏడుపులో శబ్దం పోయింది. నోరు తెరిచి ఉండేది, గొంతు వచ్చేది కాదు.

వాకిట్లో మేక పొదుగు మాత్రం నిండుగా ఊగుతూ ఉండేది. తుమ్మకాయలు, వేపాకు, ముళ్ళకంప, ఏది దొరికితే అది మేసి కరువులో కూడా నిగనిగలాడేది. దాని పిల్లలు పొట్టలు పగిలేలా తాగి, ఎగిరి, పడుకుని, లేచి మళ్ళీ తాగేవి. మా వాడలో ఆ ఏడు శ్రమల్లో సంతోషించిన విశ్వాసులు ఎవరైనా ఉంటే ఆ రెండు పిల్లలే.

అమ్మ మాట్లాడే మనిషి కాదు. అత్త ముందు అసలే కాదు. ఒక రోజు పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని మెల్లగా అడిగింది.

"అత్తా, ఒక్క ఉగ్గుగిన్నెడు పిండుకుంటనే."

ఉగ్గుగిన్నె తెలుసు కదా, పసిపిల్లలకు పాలు పట్టే ముక్కున్న చిన్న గిన్నె.

"నీకేమన్న మతి పోయిందా? అవి ఎవ్వలి పాలో ఎరుకేనా?"

"ఎరికే. కాని పిల్లగాడు చూడు ఎట్లున్నడో."

"వాని కోసమే కదనే మొక్కింది! ముట్టుకుంటే వాడే దక్కొద్దన్న. నా నోటితోని నేనే అన్న. పాలు తాపి వాన్ని చంపుకుందమా?"

"తాపకుంటె?"

అవ్వ బయటికి పోయి మేక దగ్గర గొంతుక్కూర్చుంది. తాపితే మొక్కు చంపుతుంది, తాపకపోతే ఆకలి చంపుతుంది. అంత గట్టిగా, అన్ని సందులూ మూసి మొక్కుకున్న మొక్కు లోపల మా అవ్వే ఇరుక్కుపోయింది. ఆమె చేయి పొదుగు దాకా పోయి వెనక్కి రావడం నేను గడపలోంచి చూశాను.

బాపు వాక్యంలో వెతికాడు. గుడారం దగ్గర, బలిపీఠం మీద మేకలు చాలానే దొరికాయట గానీ కల్వకుర్తి పక్కన ముసలమ్మ మొక్కిన మేక పాల విషయం ఎక్కడా తేటగా లేదట. "అయ్యగారు రానీ, అడుగుదం" అన్నాడు. అంటే ఓడకోసం ఒకటి, సైకిలుకోసం ఒకటి, మేము రెండు దారులు చూడాలన్నమాట.

ఆ వారంలోనే మేక తాడు తెంపుకుని గుడి గోడెక్కి కప్పు మీదికి పోయింది. ఎండిన బోదగడ్డిని పెళ్ళి విందులా మేస్తూ, పక్కన పిల్లలను కూడా నిలబెట్టుకుంది. బాపు కట్టె పట్టుకుని ఉరికాడు.

"దిగవే! అవ్వా, చూసినవా నీ మేక దేవుని గుడిని మేస్తున్నది!"

అవ్వ గుమ్మం దగ్గరి నుంచి కదలలేదు.

"నా మేక కాదు. ఆయన మేక. ఆయన గుడిసె, ఆయన మేక. ఆయన మేక ఆయన గుడిసె మేస్తే నడుమ నీకేం నొప్పిరా?"

"వానొస్తే లోపటికి కురుస్తది కదనే!"

"వానొస్తే గదా!"

వాడలో వాళ్ళంతా నవ్వారు. చాలా రోజుల తరువాత వినిపించిన నవ్వు అది. అమ్మ నవ్వలేదు. పిల్లవాణ్ణి ఎత్తుకుని అక్కడే నిలబడి ఉంది. నవ్వులు ఆగినాక, నేల చూస్తూ, అందరూ వినేలా అన్నది.

"అత్తా, మరి ఆయన బిడ్డ ఆయన మేక పాలు తాగితే?"

కప్పు మీద మేక మాత్రం పరపరమని మేస్తూనే ఉంది. అవ్వ అమ్మ వంక చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో కోడలికి నోరుందని ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది.

మేక దిగాక అవ్వ పొద్దుగూకేదాకా దాని పక్కనే కూర్చుంది. రచ్చ చేయకుండా మా అవ్వ ఒక పగలంతా ఉండడం కరువుకంటే పెద్ద వింత. మరునాడు ఆదివారం. బాపు వాక్యం చదువుతుంటే నడుమలోనే లేచింది. అమ్మ ఒళ్ళోంచి తమ్ముణ్ణి తీసుకుని బల్ల ముందుకు పోయింది.

"ఆగు. వీన్ని దేవునికి ప్రతిష్ఠ చెయ్యి."

మాలో పసిపిల్లలను గుడికి తెచ్చి దేవునికి ఒప్పగించడం ఆచారమే. కానీ దాన్ని చేసేది అయ్యగారు. బాపు పుస్తకం మూశాడు.

"అవ్వా, నాకు గా అధికారం లేదు. అయ్యగారొచ్చినంక..."

"అయ్యగారొచ్చినంక ఒప్పజెప్పెతందుకు పిల్లగాడుండాలె గద! నీకు అధికారం లేకుంటే పక్కకు జరుగు. ఇచ్చెటోనికి అధికారమెందుకురా? తీస్కునెటోడు ఆయన."

బాపు పక్కకు జరిగాడు. అవ్వ చాప మీద పిల్లవాణ్ణి పడుకోబెట్టి, కొంగు నెత్తి మీదికి లాక్కుని, పటేలుతో పంచాయితీ మాట్లాడినట్లు మాట్లాడింది.

"ప్రభువా, గీ పిల్లగాడు ఇయ్యాలటి సంది నీవాడు. వీన్ని నేను సాదుత, వీని అమ్మ సాదుతది, కాని వీడు నీవాడు. ఆ మేక గూడ నీదే. నీ మేక పాలు నీ పిల్లగాడు తాగుతడు. నడుమ నేను చెయ్యి పెట్టి పిండుడు తప్ప నాకేం సంబంధం లేదు. చెయ్యి కడుక్కోనే పిండుత. ఇండ్ల తప్పేమన్న ఉంటే నన్ను అడుగు. పిల్లగాన్ని అడగకు. ఆమెన్."

కొందరు ఆమెన్ అన్నారు. ఇది ప్రార్థనా, దరఖాస్తా అని మిగిలినవాళ్ళు తేల్చుకోలేకపోయారు.

అవ్వ నేరుగా వాకిట్లోకి పోయి చేతులు కడుక్కుంది. ఉగ్గుగిన్నెలో పాలు పడిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. అందులో కాసిన్ని కాచిన నీళ్ళు కలిపి అమ్మ తమ్ముడి నోట్లో పట్టింది. వాడు కక్కలేదు. అవ్వ మాత్రం సాయంత్రం దాకా వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తూనే కూర్చుంది. వాడికి చక్కిలిగింత పుట్టి తుమ్మాడు. ప్రభువుకు అభ్యంతరం లేదని ఆమె అప్పుడు ఒప్పుకుంది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. మా వాడలో పాలెండిన తల్లి మా అమ్మ ఒక్కతే కాదు కదా. మరుసటి ఆదివారం ఒకామె తన బిడ్డను తెచ్చి బల్ల ముందు పడుకోబెట్టింది. ఆ పై ఆదివారం ఇంకొకామె. ఎన్నడూ గుడి గడప తొక్కని, ఆదివారం వస్తే కల్లు మండువ దారి పట్టే ఒక మొగుడు కూడా స్నానం చేసి, పిల్లను ఎత్తుకుని, భక్తిగా గొంతు సవరించుకుంటూ వచ్చాడు. చాప మీద పిల్లలు వరసగా పడుకునేవారు. ఆరాధన కాగానే తల్లులు ఉగ్గుగిన్నెలు పట్టుకుని మా వాకిట్లో నిలబడేవారు. మేకపిల్లలు తాగగా మిగిలిన పాలు, నీళ్ళు కలిపి, తలా ఇంత. అవ్వే పోసేది. ప్రతిష్ఠ కాని బిడ్డకు చుక్క కూడా లేదు.

నేను ఊరుకుంటానా? పోయి అడిగాను.

"అవ్వా, నన్ను గూడ ప్రతిష్ఠ చెయ్యవే."

"ఏది, నోరు తెరువు."

తెరిచాను. లోపలికి చూసింది.

"పండ్లొచ్చినోళ్ళకు ప్రతిష్ఠ లేదు. పో, తుమ్మకాయలు ఏరుకరాపో మేకకు."

ప్రభువుగారి మేకకు తుమ్మకాయలు ఏరే భాగ్యం నాకు, పాలు తాగే భాగ్యం పళ్ళు లేనివాళ్ళకు. నేను బోసినోటి అవ్వ వైపు అనుమానంగా చూశాను. "నాకు గూడ లేదు పోవే, నేను పాతోళ్ళల్ల" అంది.

క్రిస్మస్‌కు అయ్యగారు వచ్చారు. ఈసారి బస్సులో. సైకిలు ఎక్కడో దారిలో ప్రాణం విడిచిందట. గుడిలోకి వచ్చేసరికి చాప మీద పసిపిల్లల వరుస.

"ఏందిది? ఎవరు ప్రతిష్ఠించినారు వీళ్ళను?"

బాపు నేల చూశాడు. అవ్వ ఆకాశం చూసింది.

"ప్రభువు తీస్కున్నడయ్యగారూ. మీరొస్తరని తొవ్వ చూసి చూసి, ఆయనే తీస్కున్నడు."

అది క్రమం కాదని అయ్యగారు చాలా సేపు చెప్పారు. చెప్పి, పిల్లలందరినీ ఒక్కొక్కరినే ఎత్తుకుని క్రమంగా మళ్ళీ ప్రతిష్ఠించారు. పిల్లలు బాగా అలవాటు పడ్డారు కాబట్టి ఏడవలేదు. ఇంత కరువులో ఇన్ని కుటుంబాలు బిడ్డలను దేవునికి అప్పగించడం తానెక్కడా చూడలేదని ప్రసంగంలో ఆయన మరీ మరీ చెప్పారు. మా వాడలో గొప్ప ఉజ్జీవం, అంటే భక్తి పొంగు, వచ్చిందని తరువాత పెద్దలకు కూడా చెప్పారట. ఉజ్జీవం అప్పుడు గుడి వెనకాల తుమ్మ చెట్టుకు కట్టేసి ఉంది.

పండుగకు అవ్వ మేకపోతును కోయించింది. ప్రభువు పండుగ, ప్రభువు పోతు, తినేది ప్రభువు పిల్లలు అని ముందే చెప్పి మరీ కోయించింది. ముక్కలు తక్కువ, పులుసు ఎక్కువ. ఓడలో వచ్చిన మక్కపిండితో సంకటి. పాలపొడి రాలేదు గానీ పిండి వచ్చింది. కప్పు సగం మేకే మేసేసింది గనుక గుడి నిండా ఎండ పడింది. ఆ ఎండలో అందరం చేతులు తడుతూ పాడాం. సంతోషం మీద అయ్యగారు మళ్ళీ అదే ప్రసంగం చేశారు. ఈసారి ఎవరూ నిద్రపోలేదు. పులుసు వాసన వస్తోంది మరి.

మరునాడు పొద్దున అయ్యగారు బయలుదేరుతుంటే అవ్వ మేకను విప్పింది.

అమ్మ మొహం తెల్లబోయింది. "అత్తా, గిప్పుడేనా? పిల్లలు..."

"ఇస్తనన్న. ఇయ్యాలె." అవ్వ గొంతు గట్టిగానే ఉంది. "ఒకసారి జరిపిన. వచ్చే ఏడు, వచ్చే ఏడు అనుకుంట. ఏమైందో నాకెరుక."

వాడంతా సడక్ దాకా వెంట నడిచింది. తల్లులు పిల్లలను చంకనేసుకుని వచ్చారు. ఎవరూ వద్దనలేరు, ఎందుకంటే అందరూ సాక్షులే. అయ్యగారు కూడా వద్దని చెప్పి చూశారు. "అవ్వా, ఉండనీయరాదు" అన్నారు. "మీరెవ్వలు ఉండనీతందుకు? మీది కాదు గద!" అని అవ్వ నోరు మూయించింది. ఆయన తాడు పట్టుకున్నారు. మేక నడిచింది, వెనక దాని పెంటిపిల్ల. అవ్వ చేతులు ఖాళీ అయ్యాయి. ఆమె ఆ ఖాళీ చేతుల్ని చూసుకుంటూ నిలబడింది.

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు మెట్టు మీద నుంచే చేయి అడ్డం పెట్టాడు.

"క్యా అయ్యగారూ, గిది బస్సా, అంగడా? మేకను ఎక్కియ్య."

"టాపు మీద కడుదం బాబూ."

"టాపు మీద గూడ కాదు. మొన్న ఒకలి మేక నా టికెట్ల కట్ట మొత్తం మేసింది. ఇగ నా బస్సుల మేకలకు జాగా లేదు. మీరెక్కుతరా, మేకతోని ఉంటరా? జల్ది చెప్పుండ్రి."

అయ్యగారు "అయ్యో" అన్నారు. ఆ అయ్యోలో బాధ ఎక్కడుందోనని నేను చాలా వెతికాను, కనబడలేదు. ఆయన వెనక్కి వచ్చి తాడును అవ్వ చేతిలో పెట్టారు. అవ్వ తీసుకోలేదు, చేయి వెనక్కి లాక్కుంది.

"నేనిచ్చిన్నా లేదా?"

"ఇచ్చినవ్ అవ్వా. నేను తీస్కున్న. అందరు చూసిన్రు."

"మొక్కు తీరిందా?"

"తీరింది."

"మరి గిదేంది?"

"గిది క్రిస్మస్ కానుక. ఆయన నీకు ఇస్తున్నడు."

"దేనికి? నేనేం మొక్కలేదు గద."

"మొక్కకుండనే."

"మళ్ళ నేనేం ఇయ్యాలె?"

"ఏం ఇయ్యొద్దు అవ్వా."

"ఏం ఇయ్యొద్దా?" అవ్వ ఆయన మొహంలో ఏదో మెలిక వెతికింది. ఆమె బతుకులో ఎవరూ, ఏ దేవుడూ బదులు అడగకుండా ఏదీ ఇవ్వలేదు. "తీస్కోని మళ్ళ నా పిల్లగాన్ని అడుగడు గద?"

"అడుగడు."

"ఓ ముసలమ్మా!" కండక్టరు అరిచాడు. "నీ ముచ్చట నువ్వు దేవునితోని తర్వాత మాట్లాడుకో! నాకు కల్వకుర్తిల టైమున్నది!"

అయ్యగారు పరుగెత్తి ఎక్కారు. బస్సు మా మొహాల మీద దుమ్ము కొట్టి వెళ్ళిపోయింది. దుమ్ము తగ్గేసరికి అవ్వ తాడు పట్టుకుని నవ్వుతోంది. బోసినోరు పెద్దగా తెరిచి, భుజాలు ఊగేలా, కళ్ళ నుంచి నీళ్ళు కారేలా నవ్వుతోంది. అన్నాళ్ళూ సంతోషం మీద విన్న ప్రసంగాలన్నీ ఆమెకు ఆ దుమ్ములో ఒక్కసారిగా అర్థమైనట్టు. ముందు అమ్మ నవ్వింది, తరువాత వాడంతా నవ్వింది. ఎందుకు నవ్వుతున్నామో తెలియని వాళ్ళు ఎక్కువ నవ్వారు.

నవ్వి నవ్వి అవ్వ అక్కడే సడక్ పక్కన కూలబడి, మేకను దగ్గరికి లాక్కుని పిండడం మొదలు పెట్టింది. ఈసారి చేతులు కడుక్కోలేదు. ఎవరి పాలో చెప్పలేదు. గిన్నె కూడా లేదు, దోసిట్లోకే. తమ్ముడికి ఇంత పట్టింది, పక్క పిల్లలకు పట్టింది. పిండుతూ పిండుతూ ఉన్నట్టుండి అంది:

"మా పిల్ల గూడ గిట్లనే, మేకపాలంటె ప్రాణమిడిసేది."

ఆ పోయిన పిల్ల మాట ఆమె నోట రావడం బాపు కూడా వినడం అదే మొదటిసారి. అవ్వ తల ఎత్తి నన్ను చూసింది.

"ఏందే గట్ల నిలవడ్డవ్? రా."

"నాకు పండ్లున్నయ్ గద అవ్వా."

"ఉండనీతియ్. రా."

ఆమె దోసిట్లో నుంచి తాగాను. వెచ్చగా, మేక వాసన, అవ్వ చేతి పొగాకు వాసన. అంత కమ్మటివి ఆ తరువాత ఎన్ని రకాల పాలు తాగినా దొరకలేదు. మిగిలిన గుక్క అవ్వ తనే తాగింది. పాతవాళ్ళకు కూడా ఇక అడ్డు లేదన్నమాట.

ఆ పై ఏడు వాన వచ్చింది. గుడి మొత్తం కురిసింది, బాపు మేకను ఒక మాట కూడా అనలేదు. తమ్ముడు బతికాడు. బతకడమేమిటి, ఇప్పుడు మనవలనెత్తుకున్నాడు. మేకపాలు వాడికి పడవట, వాసనట! ఆ మాట విన్నప్పుడల్లా నాకు అవ్వ గుర్తొస్తుంది, చేతికి కట్టె కోసం వెతుక్కుంటాను.

సరే, చిక్కుడుకాయలు అయిపోయాయి, నా కథా అయిపోయింది. ఇంతసేపు ఓపికగా కూర్చున్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ కుండలో గట్క, మీ పొయ్యి మీద పులుసు ఎండకూడదు. మీ ఇంటి కప్పు మీదికి ఏ మేకా ఎక్కకూడదు. ఎక్కితే మాత్రం అది ప్రభువుగారిదే అయి ఉండాలి. మీ ఇంట్లో పళ్ళొచ్చినవాళ్ళకూ, రానివాళ్ళకూ, వచ్చి ఊడినవాళ్ళకూ ఎవరూ ఏమీ మొక్కకుండానే పాలు దక్కాలి.